విప్పిన చేతులే బిగించాయి: జి.డి. నాయుడు గారి కథ

పిల్లలూ, పోయిన డిసెంబరులో ఒక సోమవారం ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు టిఫిన్ డబ్బా తెచ్చి, మూత తీసి మా బల్ల మీద పెట్టాడు. లోపల ఇడ్లీలు లేవు. నూనె మరకలతో పది పొడుగాటి బోల్టులు ఉన్నాయి.

సంగతేమిటంటే, సెక్టర్ 2లో వాళ్ళ క్వార్టరు ముందు చెట్టు కింద తాతగారి నాటి కారు ఒకటి ఉంది. ఇంజన్ బోరుకు వచ్చింది. పవర్ హౌస్ నుంచి వచ్చిన మెకానిక్, వాళ్ళ నాన్నగారు కలిసి ఇంజన్ పై భాగం విప్పారు. అంతలోనే విశాఖపట్నానికి బదిలీ ఉత్తర్వు వచ్చింది. పది రోజుల్లో అక్కడ చేరాలి. కారు నడిస్తే దాంట్లోనే వెళ్ళాలని, నడవకపోతే పాత ఇనుము కింద అమ్మేయాలని ఇంట్లో అనుకున్నారు. బోల్టులు కిరోసిన్‌తో కడిగి తుడిచే పని మనవాడికి అప్పగించారు. వాడికొక సందేహం వచ్చింది. పది బోల్టులూ ఒకేలా ఉన్నాయి కదా, ఏది ముందు బిగిస్తే ఏమిటి? మెకానిక్ తాత మాత్రం వరస తప్పితే తాను చెయ్యి పెట్టనంటున్నాడట.

తెలుగు టీచర్లను అడిగే ప్రశ్న కాదిది. కానీ ఆ బోల్టులతో మాకు పాత పరిచయం ఉంది. ఆ కథ తరువాత చెబుతాం. ఆ రోజు పాఠం పక్కన పెట్టి, తరగతికి ఒక మనిషి జీవితం చెప్పాం. అదే ఇక్కడ రాస్తున్నాం.

తమిళనాడులో కోయంబత్తూరు దగ్గర సూలూరు అనే ఊరుంది. అక్కడ వాయుసేన స్థావరం ఉంది కాబట్టి, మీలో కొందరు అక్కడ చదివి ఇక్కడికి వచ్చే ఉంటారు. మేమూ కొంతకాలం అక్కడ పనిచేశాం. సూలూరుకు దగ్గరలోనే కలంగల్ అనే పల్లె ఉంది. 1893 మార్చి 23న ఆ పల్లెలో గోపాలస్వామి నాయుడు గారనే రైతు ఇంట ఒక మగపిల్లవాడు పుట్టాడు. పేరు దొరైస్వామి. తండ్రి పేరు, తన పేరు కలిపి తరువాత లోకమంతా జి.డి. నాయుడు అని పిలిచింది. కొన్ని వందల ఏళ్ళ కిందట తెలుగునేల నుంచి వెళ్ళి కొంగునాడులో స్థిరపడిన కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, ఛత్తీస్‌గఢీ మాట్లాడే మీకు ఇది కొత్తేమీ కాదు.

పసితనంలోనే తల్లి పోయింది. పిల్లవాడికి బడి పడలేదు. కూర్చోబెట్టి వల్లె వేయించే చదువంటే వాడికి ఒళ్ళు మంట. బడి ఎగ్గొట్టడమే కాదు, ఉపాధ్యాయుల మీద ఇసుక చల్లాడని కూడా చెప్పుకుంటారు. ఉపాధ్యాయులమై ఉండి ఈ మాట రాయడం మాకేమీ ముచ్చటగా లేదు. అయినా జరిగింది జరిగినట్టు చెప్పాలి. పెద్ద చదువు లేకుండానే అతను పొలం పనుల్లోకి వెళ్ళిపోయాడు.

ఒకరోజు ఆ పల్లెకు రెవెన్యూ శాఖ ఆంగ్లేయ అధికారి ఒకరు మోటారు సైకిల్ మీద వచ్చాడు. రడ్జ్ అనే ఇంగ్లండు కంపెనీ బండి అది. ఎద్దు లేదు, గుర్రం లేదు, కింద చిన్న ఇనప డబ్బా ఒకటి టపటపలాడుతూ మనిషిని మోసుకుపోతోంది. ఊరివాళ్ళంతా వింతగా చూసి ఎవరి పనిలోకి వాళ్ళు వెళ్ళిపోయారు. దొరైస్వామి మాత్రం ఆ డబ్బా లోపల ఏముందో తెలుసుకోకుండా ఉండలేకపోయాడు. తెలియాలంటే విప్పాలి, విప్పాలంటే బండి తనదై ఉండాలి. ఆ లెక్క ప్రకారమే కోయంబత్తూరు వెళ్ళి ఒక హోటల్లో సర్వరుగా చేరాడు. బల్లలు తుడిచి, కాఫీలు అందించి, కొన్నేళ్ళపాటు జీతం దాచాడు. ఆ డబ్బుతో మోటారు సైకిల్ కొన్నాడు. ఇంటికి తెచ్చి, దేనికది విడివిడిగా విప్పేశాడు.

అతని కథ చెప్పేవాళ్ళు ఎక్కువమంది ఈ విప్పడం గురించే ఉత్సాహంగా చెబుతారు. మాకు మాత్రం ఆ తరువాతి రోజులే గొప్పగా కనిపిస్తాయి. విప్పడానికి ఒక పానా, కాస్త మొండితనం ఉంటే సరిపోతుంది. మీ ఇళ్ళల్లో మూలన పడి ఉన్న గడియారాలు, రిమోట్లు అందుకు సాక్ష్యం. నాయుడు గారు ఆ ముక్కలన్నిటినీ మళ్ళీ కలిపి బండిని నడిపారు. ఏది ముందు ఊడిందో గుర్తుంటేనే ఏది ఆఖరున పెట్టాలో తెలుస్తుంది. నేర్పేవాడు లేడు, చదివి చేసే పుస్తకం లేదు. తప్పు పెడితే బండే చెబుతుంది, స్టార్టు కాకుండా.

ఆ తరువాత మొదటి ప్రపంచయుద్ధ కాలంలో పత్తి వ్యాపారం చేశారు. డబ్బు వచ్చింది. బొంబాయి వెళ్ళి ఆ డబ్బు పోగొట్టుకున్నారు. మళ్ళీ యంత్రాల దగ్గరకే వచ్చారు. కోయంబత్తూరులో రాబర్ట్ స్టేన్స్ అనే ఆంగ్లేయ వ్యాపారి ఉండేవారు. నాయుడు గారి చేతిలోని పనితనం ఆయన కనిపెట్టి సాయం చేశారు. 1920లో నాయుడు గారు ఒక బస్సు కొని, పొల్లాచి నుంచి పళనికి నడపడం మొదలుపెట్టారు. ఆయనే యజమాని, ఆయనే డ్రైవరు.

ఇప్పుడు ఆ రోడ్డును ఊహించండి. పొల్లాచి నుంచి ఉడుమలపేట మీదుగా పళనికి 60 కిలోమీటర్ల పైమాటే. బస్సు నిండా మురుగన్ దర్శనానికి వెళ్ళే జనం. దారిలో ఇంజన్ ఆగిపోతే ఫోన్ చేసి పిలవడానికి ఎవరూ లేరు. అప్పట్లో బస్సు నడిపేవాడికి ఇంజన్ విప్పి బిగించడం కూడా వచ్చి తీరాలి. బిగించింది సరిగా లేకపోతే జనం నడిరోడ్డు మీద ఉంటారు. మరునాడు ఆ బస్సు ఎవరూ ఎక్కరు.

టిఫిన్ డబ్బాలోని బోల్టుల సంగతి ఇక్కడే వస్తుంది. కారు ఇంజన్‌లో కింద బ్లాకు ఉంటుంది. అందులోని సిలిండర్లలో పిస్టన్లు పైకీ కిందికీ ఆడతాయి. బ్లాకు మీద మూతలా కూర్చునేది హెడ్డు. ఆ రెంటి మధ్య పల్చటి గాస్కెట్. తొలినాటి ఇంజన్లలో చాలావాటికి సిలిండరు, హెడ్డు ఒకే పోతగా ఉండేవి. 1908లో అమెరికాలో వచ్చిన ఫోర్డ్ మోడల్ టి కారుకు హెడ్డు విడిగా ఊడి వచ్చేది. పదిహేను బోల్టులు విప్పితే చాలు, లోపల పేరుకున్న మసి గీకేయవచ్చు. ఆ కారు లక్షల సంఖ్యలో అమ్ముడుపోవడంతో ఊడే హెడ్డు మామూలయిపోయింది. దాంతోపాటే హెడ్డు సరిగా బిగించడమనే పని కూడా లోకంలోని మెకానిక్కులందరి మెడకూ చుట్టుకుంది.

ఎందుకంత జాగ్రత్త? నిమిషానికి 3000 చుట్లు తిరిగే ఇంజన్‌లో ఒక్కో సిలిండరులో సెకనుకు 25 సార్లు పెట్రోలు మండుతుంది. మండిన ప్రతిసారీ హెడ్డును పైకి తన్నే ఒత్తిడి కారు టైరులోని గాలి ఒత్తిడికి ఇరవై రెట్ల పైనే ఉంటుంది. గాస్కెట్‌లో ఎక్కడైనా వెంట్రుకంత సందు దొరికితే ఆ మంట అటు దూరుతుంది. పక్కనే చల్లటి నీరు పారే దారులు, ఆయిల్ పారే దారులు ఉంటాయి. ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోతాయి.

బోల్టు హెడ్డును ఎలా పట్టి ఉంచుతుందో తెలుసా? బిగించే కొద్దీ అది సాగుతుంది. కంటికి కనిపించదు గానీ జడకు వేసుకునే రబ్బరు బ్యాండులాగే సాగుతుంది, వెనక్కి గుంజుకోవాలని చూస్తుంది. ఆ గుంజుడే హెడ్డును బ్లాకుకు అదిమి పెడుతుంది. తక్కువ బిగిస్తే పట్టు ఉండదు. మరీ బిగిస్తే బోల్టు సాగి సాగి తిరిగి రాదు, లేదా తెగుతుంది, లేదా బ్లాకులో మర పోతుంది. మర పోయిన బ్లాకును బాగుచేయడం తెగిన బోల్టును మార్చినంత తేలిక కాదు.

ఇందులో ఇంకో తిరకాసు ఉంది. పానా మీద మనం పెట్టే బలంలో పదో వంతు మాత్రమే బోల్టును సాగదీస్తుంది. మిగతాదంతా మరల రాపిడికి, బోల్టు తల కింది రాపిడికి ఖర్చయిపోతుంది. కాబట్టి మరలో కాస్త తుప్పు, ఇసుక ఉంటే చేతికి గట్టిగా తగులుతుంది, బోల్టు మాత్రం వదులుగానే ఉంటుంది. అందుకే మెకానిక్ తాత మనవాడిచేత బోల్టులు అంతసేపు కడిగించాడు. బోల్టు దిగే రంధ్రంలో నీళ్ళు, ఆయిల్ నిలిచి ఉన్నా ప్రమాదమే. దిగే బోల్టు కింద ద్రవానికి పోయే దారి ఉండదు, బ్లాకే పగులుతుంది.

ఇక వరస. ఆ కారు హెడ్డు మీద బోల్టులు రెండు వరసలు, వరసకు ఐదు. నడిమిది ఒకటి, దాని ఎదుటిది రెండు. అక్కడి నుంచి ఒకసారి ఇటు, ఒకసారి అటు జరుగుతూ మూలల్లో ఉన్నవి ఆఖరున బిగించాలి. పుస్తకానికి అట్ట అతికేటప్పుడు మీరు మధ్య నుంచి అంచుల వైపు నిమురుతారు కదా, ముడత పడకుండా. ఇదీ అంతే. మూలలు ముందు బిగిస్తే మధ్యలో హెడ్డు కాస్త లేచే ఉంటుంది, ఆ ముడత ఎటూ పోలేదు. పైగా ఒక్క పట్టున పూర్తిగా బిగించకూడదు. ఆ కారు పుస్తకంలో ఆరు కిలోగ్రామ్-మీటర్లు అని ఉందనుకోండి, మొదటి చుట్టులో రెండు, రెండో చుట్టులో నాలుగు, మూడో చుట్టులో ఆరు. విప్పేటప్పుడు ఇదే వరస వెనక నుంచి. కొన్ని కొత్త ఇంజన్లకు చివర్లో ఇంత కోణం తిప్పాలని ఉంటుంది. వాటి బోల్టులు ఒకసారి విప్పితే మళ్ళీ వాడకూడదు. తెలుగు వాక్యంలో పదాలు కాస్త అటూ ఇటూ అయినా అర్థం తెలుస్తుంది. హెడ్డు బోల్టులకు ఆ వెసులుబాటు లేదు.

ఇంత బలమే పెట్టాను అని కొలిచి చూపే పరికరం టార్క్ రెంచి. న్యూయార్క్ నీటి సరఫరా శాఖలో పనిచేసిన కాన్రాడ్ బార్ 1918లో గొట్టాల బోల్టులు అతిగా బిగించి తెంపేయకుండా దాన్ని తయారుచేశాడని చెబుతారు. అది అందరి చేతికీ రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. నాయుడు గారి తరం మెకానిక్కులు మణికట్టుతోనే కొలిచేవారు. ఏ పానాకు ఎంత బలం, ఎక్కడ ఆపాలి అన్నది చెయ్యి గుర్తుపెట్టుకునేది.

మా చేతికి ఆ గుర్తు లేదని మాకు ఆలస్యంగా తెలిసింది. భిలాయికి బదిలీ అయినప్పుడు, పాత ఊరిలో మా పాత కారు హెడ్డు దించాల్సి వచ్చింది. రోజులు తక్కువ. షెడ్డులో కుర్రాడు సగం బిగించేసరికి కరెంటు పోయింది, వానొచ్చింది. మిగతావి మేమే పట్టుకున్నాం. ఏ మూల అందితే ఆ మూల, ఒక్క పట్టున, వీలైనంత గట్టిగా. గట్టిగా ఉంటే మంచిదే కదా అనుకున్నాం. రాజనందగావ్ ఇంకా రాకముందే సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ మొదలైంది. వేడి ముల్లు ఎర్ర గీత దాటింది. ఆయిల్ కడ్డీ తీసి చూస్తే పాలు పోసిన కాఫీ రంగులో ఉంది. సామాను లారీ ముందే వెళ్ళిపోయింది, వెనక సీటులో జ్వరంతో పాప. చేరవలసిన రోజుకు చేరలేకపోయాం. ఇంకో బండికి కట్టి లాగించుకుని మరునాటి రాత్రి భిలాయి వచ్చాం. ఆ హెడ్డును మళ్ళీ దించి, సాపు చేయించి, వరసగా బిగించినది ఈ పవర్ హౌస్ మెకానిక్ తాతే. వాళ్ళది శ్రీకాకుళం నుంచి స్టీల్ ప్లాంటు పనికి వచ్చిన కుటుంబం. ఆయన మమ్మల్ని ఏమీ అనలేదు. మేం బిగించిన బోల్టుల్లో రెండు సాగిపోయి ఉంటే, వాటిని కొత్త బోల్టు పక్కన నిలబెట్టి చూపించాడు. అంతే.

మళ్ళీ నాయుడు గారి దగ్గరకు వద్దాం. ఒక్క బస్సుతో మొదలైన ఆయన యు.ఎం.ఎస్. కంపెనీ కొన్నేళ్ళలోనే దేశంలో చక్కగా నడిచే బస్సు సంస్థల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది. బస్సులను బాగుచేసుకునే వర్క్‌షాపులో పెరిగిన పనితనమే ఆయన్ని వేరే యంత్రాల వైపు నడిపించిందని మాకనిపిస్తుంది. 1937లో డి. బాలసుందరం నాయుడు గారితో కలిసి పీలమేడులోని తన కర్మాగారంలో విద్యుత్ మోటారు తయారుచేశారు. మన దేశంలో తయారైన తొలి విద్యుత్ మోటారుగా దాన్నే చెబుతారు. బ్యాటరీ సెల్లులతో తిరిగే చిన్న మోటారు పెట్టి గడ్డం గీసుకునే రేజరు చేశారు, పేరు రసంత్. కిరోసిన్‌తో తిరిగే ఫ్యాను, పళ్ళరసం తీసే యంత్రం, ఓట్లు నమోదు చేసే యంత్రం చేశారు. 1941లో ఐదు వాల్వుల రేడియోను 70 రూపాయలకు తయారుచేసి ఇవ్వగలనని ప్రకటించారు. మధ్యలో యూరప్ తిరిగారు, కెమెరా పట్టుకుని దేశాల పెద్దలను ఫిల్ముల్లోకి ఎక్కించారు. పొలంలో పత్తి, బొప్పాయి మొక్కల మీద ప్రయోగాలు చేశారు. ఈ జాబితా చాలా పెద్దది, ఇక్కడితో ఆపుతాం.

బడి పారిపోయిన ఆ పిల్లవాడు 1945లో ఒక ఇంజనీరింగ్ కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. ఆయన విరాళంతో, పట్టుదలతో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరు మీద పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కళాశాల వచ్చాయి. ఆ కళాశాలే ఇప్పటి ప్రభుత్వ సాంకేతిక కళాశాల. నాలుగేళ్ళ కోర్సు వృథా, రెండేళ్ళు చాలు, పిల్లలు యంత్రం ముందు నిలబడి నేర్చుకోవాలి అని ఆయన వాదం. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన పదవి వదిలేశారు. ఈ విషయంలో మేం పూర్తిగా ఆయన పక్షం కాదు. చేతికి తెలిసింది మాటల్లో పెట్టడానికి, ఎందుకలా జరుగుతుందో లెక్క కట్టడానికి సమయం పడుతుంది. బోల్టు సాగుతుందని చేతికి ఎప్పుడో తెలుసు, ఎంత సాగుతుందో చెప్పింది మాత్రం పుస్తకమే. కానీ యంత్రాన్ని ముట్టుకోకుండానే పట్టా పుచ్చుకునేవాళ్ళను చూసినప్పుడు నాయుడు గారి కోపం మాకూ అర్థమవుతుంది.

ఆయన జీవితంలో కలుక్కుమనిపించే ఘట్టం ఇంకొకటి ఉంది. 1952లో ఇద్దరు కూర్చునే పెట్రోలు కారును తయారుచేశారు. ధర 2000 రూపాయలు. దాన్ని పెద్ద ఎత్తున తయారుచేయడానికి ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. పన్నుల విషయంలోనూ ప్రభుత్వంతో పేచీ పడ్డారు. చివరికి నిరసనగా, జనం చూస్తుండగా తాను తయారుచేసిన వస్తువులను తానే పగలగొట్టించారు. ముక్కలుగా ఉన్న మోటారు సైకిల్ ముందు కూర్చుని ఓపికగా ఒక్కొక్కటీ కలిపిన మనిషే ఆ పని చేశారు. అది సరైన పనేనా అని తరగతిలో అడిగితే సగం మంది అవునన్నారు, సగం మంది కాదన్నారు. బోల్టుల డబ్బా తెచ్చినవాడు మాత్రం చాలాసేపు ఏమీ అనలేదు. ఆఖరికి, విప్పి ఉంటే మళ్ళీ బిగించుకోవచ్చు కదా అని తనలో తాను గొణుక్కున్నాడు.

నాయుడు గారు 1974 జనవరి 4న కన్నుమూశారు. కోయంబత్తూరు అవినాశి రోడ్డులో ఆయన పేరు మీద ప్రదర్శనశాల ఉంది. 2015 నుంచి పాత కార్ల ప్రదర్శనశాల కూడా ఉంది. సూలూరు నుంచి ఎటైనా బదిలీ అయ్యేలోపు తప్పకుండా చూడండి. ఇంజన్లను కోసి లోపలి భాగాలు కనిపించేలా పెట్టినచోట మేం ఒక పూటంతా గడిపాం. రాజనందగావ్ రోడ్డు కన్నా ముందే అది చూసి ఉంటే బాగుండేది.

ఇక డబ్బా సంగతి. ఆదివారం పొద్దున హెడ్డు మీద సుద్దముక్కతో ఒకటి నుంచి పది దాకా అంకెలు వేసింది మనవాడే. మేమూ వెళ్ళాం, చూడటానికే గానీ ముట్టుకోవడానికి కాదు. వాడు నంబరు చదవడం, తాత బిగించడం. మూడో చుట్టులో ఏడో బోల్టు దగ్గర తాత టార్క్ రెంచిని వాడి చేతికి ఇచ్చాడు. రెండు చేతులతో నెమ్మదిగా లాగాడు. రెంచి టిక్కుమనగానే ఆగాడు. ఇంకొంచెం లాగుదామని చెయ్యి ఊరుకోలేదని, అయినా ఆపేశానని తరువాత మాతో చెప్పాడు. సాయంత్రం ఇంజన్ స్టార్టయింది. రాత్రంతా చల్లారనిచ్చి, ఆ కారు పుస్తకంలో ఉన్నట్టు పొద్దున్నే తాత మరోసారి పది బోల్టులూ చూశాడు.

గురువారం వాళ్ళు బయలుదేరారు. కేశ్‌కాల్ ఘాట్ ఎక్కి, సాలూరు ఘాట్ దిగి (మన సూలూరు కాదు, ఇది సాలూరు) రెండు రోజుల్లో విశాఖ చేరారు. దారిలో వేడి ముల్లు సగం దాటలేదట. మొన్న ఉత్తరం రాశాడు. కొత్త బడిలో తెలుగు రెండో భాషట, పద్యాలు ఎక్కువట. టిఫిన్ డబ్బా ఎన్నిసార్లు తోమినా ఆయిల్ వాసన పోవడం లేదని, అందులో ఇడ్లీలు పెట్టడానికి వాళ్ళమ్మగారు ససేమిరా అంటున్నారని కూడా రాశాడు.